వైర్‌లెస్ మౌస్ మొరాయిస్తోందా? కొత్తది కొనే ముందు ఇవి చూడండి

వైర్‌లెస్ మౌస్ పూర్తిగా చచ్చిపోతే పెద్ద ఇబ్బంది లేదు. సెల్ మార్చి చూస్తాం, అయినా కదలకపోతే పక్కన పడేస్తాం. అసలు తలనొప్పి బతికీ చావకుండా ఉండేదానితోనే. పొద్దున బాగానే ఉంటుంది. సరిగ్గా ముఖ్యమైన పనిలో ఉండగా పాయింటర్ ఆగి ఆగి కుంటుతుంది. అరనిమిషం పోయాక ఏమీ ఎరగనట్టు మళ్లీ మామూలుగా నడుస్తుంది. మనం విసుగొచ్చి మౌస్‌ను బల్లకేసి రెండుసార్లు కొడతాం. ఒక్కోసారి కుదురుకుంటుంది కూడా. దాంతో కొట్టడమే దానికి మందని నమ్మేస్తాం.

నేను ఇలా మూడు నెలలు అవస్థ పడ్డాను. సెల్ మార్చాను, లాభం లేదు. మౌసే మార్చాను. కొత్తది కూడా వారం తిరక్కుండా అదే తంతు. చివరికి దొరికిన దొంగ మౌస్ కానే కాదు, డాంగిల్ (మౌస్ సిగ్నల్ అందుకోవడానికి కంప్యూటర్‌కి తగిలించే చిన్న యూఎస్‌బీ ముక్క) పక్క పోర్టులో పెట్టిన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. అందులోకి ఫైళ్లు కాపీ అవుతున్నంతసేపే మౌస్ తిక్కగా ఉండేది. ఆ రెండిటికీ సంబంధం ఉంటుందని నాకు తట్టనే లేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే.

అందుకే కింద రాసిన వరసలో వెళ్లండి. షరతు ఒక్కటే: ఒకసారికి ఒక్కటే మార్చండి, కాసేపు వాడి చూడండి, అప్పుడే రెండోదాని జోలికి వెళ్లండి. సెల్ మార్చి, డాంగిల్ వేరే పోర్టులో పెట్టి, డ్రైవర్ (కంప్యూటర్‌లో మౌస్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్లీ వేసి, అన్నీ ఒకేసారి చేస్తే మౌస్ బాగుపడొచ్చు. కానీ ఎందుకు బాగుపడిందో తెలీదు. వచ్చే నెల మళ్లీ మొరాయిస్తే మొదటికే వస్తారు.

ముందు తప్పు ఎక్కడుందో తేల్చండి

మీ చెయ్యి కదిలిన కదలిక స్క్రీన్ మీదకు చేరేలోపు నాలుగు చోట్ల దెబ్బతినొచ్చు: మౌస్ లోపల, మౌస్ కింద ఉన్న బల్ల దగ్గర, మౌస్‌కీ డాంగిల్‌కీ మధ్య గాలిలో, చివరగా కంప్యూటర్‌లో. వీటిలో ఏదో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు, పరికరాలేమీ అక్కర్లేదు.

ల్యాప్‌టాప్ వాడుతుంటే, మౌస్ ఆగిన ఆ క్షణంలోనే టచ్‌ప్యాడ్ మీద వేలు పెట్టి పాయింటర్ కదిపి చూడండి. అది కూడా కుంటుతుంటే మౌస్ నిర్దోషి. కంప్యూటరే వేరే పనిలో ఊపిరాడక ఉంది. అప్పుడు ఎంత ఖరీదైన మౌస్ కొన్నా తేడా ఉండదు. టచ్‌ప్యాడ్ హాయిగా నడుస్తూ మౌస్ ఒక్కటే ఆగితే, మిగిలిన మూడు చోట్ల వెతకాలి. డెస్క్‌టాప్ అయితే ఇదే పరీక్షకి ఎవరిదైనా వైరున్న మౌస్ ఒకటి తెచ్చి పక్కన తగిలించుకోండి. రెండు మౌస్‌లు ఒకేసారి ఉన్నా కంప్యూటర్ ఏమీ అనుకోదు.

రెండో పరీక్ష: మౌస్‌ను వేరే కంప్యూటర్‌కి పెట్టి చూడండి. రెండో కంప్యూటర్ లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నా చాలు. ఓటీజీ అడాప్టర్‌తో (ఫోన్ ఛార్జింగ్ రంధ్రానికి యూఎస్‌బీ వస్తువులు తగిలించే చిన్న ముక్క) డాంగిల్‌ను ఫోన్‌కి తగిలిస్తే చాలా ఫోన్లలో స్క్రీన్ మీద పాయింటర్ ప్రత్యక్షమవుతుంది. చాలామందికి ఈ సంగతి తెలీదు. ఫోన్‌లో అరగంట వాడినా ఎక్కడా ఆగకపోతే మౌస్ లోపల అంతా బాగున్నట్టే. అక్కడా అదే తిక్క చూపిస్తే జబ్బు మౌస్‌లోనో సెల్‌లోనో ఉంది.

మూడోది పరీక్ష కాదు, పరిశీలన. రెండు రోజులు ఓ కాగితం దగ్గర పెట్టుకుని, మౌస్ మొరాయించిన ప్రతిసారీ ఆ క్షణంలో ఏం జరుగుతోందో ఒక్క ముక్క రాయండి. పెన్‌డ్రైవ్ పెట్టారా, వీడియో కాల్‌లో ఉన్నారా, ఇయర్‌ఫోన్స్ బ్లూటూత్‌తో కలిపారా, పక్క గదిలో మైక్రోవేవ్ తిరుగుతోందా, చాలాసేపు ఖాళీగా కూర్చుని అప్పుడే మౌస్ ముట్టుకున్నారా. నేను ఈ పని మొదటి వారమే చేసుంటే మూడు నెలలు మిగిలేవి.

అవస్థ ఎలా ఉందో గమనించినా జాడ దొరుకుతుంది. పాయింటర్ ముక్కలు ముక్కలుగా గెంతుతూ వెళ్తుంటే సిగ్నల్ సరిగా అందడం లేదని అనుమానించండి. మౌస్ కదపకుండా ఉంచినా పాయింటర్ వణుకుతుంటే మౌస్ కింద కన్నులా ఉండే సెన్సర్ దగ్గరో బల్ల దగ్గరో లోపం. కాసేపు వాడకపోతే నిద్రపోయి, లేవడానికి రెండు మూడు సెకన్లు బద్ధకిస్తుంటే కరెంటు పొదుపు సెట్టింగ్ చూడాలి. పాయింటర్ బాగానే ఉండి క్లిక్ మాత్రమే తప్పుతుంటే పైవేవీ కాదు, బటన్ కింద స్విచ్ అరిగింది.

సెల్ దగ్గర మనం చేసే పొరపాట్లు

సెల్ మార్చడం అందరూ చేసేదే, అయినా దీంట్లోనూ మోసపోతాం. సొరుగులో ఎప్పటినుంచో పడి ఉన్న సెల్ తీసి వేసి, కొత్తదే వేశానుగా అనుకుంటాం. టీవీ రిమోట్‌లోంచి తీసిన సెల్ వేసి చూడటం ఇంకో అలవాటు. రిమోట్ బటన్ నొక్కినప్పుడే కరెంటు తీసుకుంటుంది. మౌస్ మాత్రం కదులుతున్నంతసేపూ లైటు వెలిగించి, సెన్సర్ నడిపి, రేడియోలో కబుర్లు పంపుతూనే ఉండాలి. రిమోట్‌కి ఇంకా ఆరు నెలలు వచ్చే సెల్ మౌస్‌ని ఆరు రోజులు నడపకపోవచ్చు.

ఆల్కలైన్ సెల్ ప్యాకెట్ విప్పగానే 1.5 వోల్టులు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే చూపిస్తుంది. వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉంటే చూడండి, 1.2 దగ్గరకు వచ్చిందంటే అది చివరి రోజుల్లో ఉన్నట్టు. ఛార్జింగ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ మాత్రం పుట్టుకతోనే 1.2 వోల్టులవి. అవి చాలా మౌస్‌లలో బాగానే పనిచేస్తాయి గానీ, కొన్ని మౌస్‌లు ఆ వోల్టేజీ చూసి బ్యాటరీ అయిపోయిందని ముందే గగ్గోలు పెడతాయి. ఆ హెచ్చరికని పట్టించుకోనక్కర్లేదు. రెండు సెల్స్ పట్టే మౌస్‌లో కొత్తదీ పాతదీ కలిపి వేయకండి. ఆల్కలైన్‌తో ఛార్జింగ్ సెల్‌ని అసలే కలపకండి.

ఇప్పుడు బల్లకేసి కొట్టే వైద్యం సంగతి. కొడితే నిజంగానే కుదురుకుంటోందంటే అది పనికొచ్చే ఆధారం. సెల్ తన గూట్లో వదులుగా ఉంది, దెబ్బకి కదిలి మళ్లీ తగులుతోంది. మూత తీసి సెల్‌ని వేలితో దొర్లించి చూడండి. తేలిగ్గా ఆడుతుంటే స్ప్రింగ్ అణిగిపోయి ఉంటుంది. సెల్ తీసేసి స్ప్రింగ్‌ని మెల్లగా బయటకు కాస్త లాగండి. రేకుల మీద మసకగా ఉంటే పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొడి దులిపేయండి.

గూట్లో తెల్లటి పొడిలా, ఉప్పులా పేరుకుని ఉంటే ఆల్కలైన్ సెల్ కారిందన్నమాట. లోపలి ద్రవం పొటాషియం హైడ్రాక్సైడ్, చర్మాన్ని మండిస్తుంది. ఒట్టి చేత్తో ముట్టుకోకండి. చెవుల్లో పెట్టుకునే దూది పుల్లని వెనిగర్‌లోగానీ నిమ్మరసంలోగానీ ముంచి పిండేసి, రేకు మీద తుడవండి. క్షారానికి ఆమ్లం విరుగుడు, కాస్త నురుగొస్తుంది. తర్వాత తడి గుడ్డ పుల్లకి చుట్టి మరోసారి తుడిచి, పూర్తిగా ఆరాకే కొత్త సెల్ వేయండి. పచ్చగా చిలుము పట్టి రేకు తినేసి ఉంటే మాత్రం ఆ మౌస్ మీద ఆశ వదులుకోవచ్చు.

సెల్ లేకుండా లోపలే బ్యాటరీ ఉండే మౌస్ అయితే, ఛార్జింగ్ వైరు పెట్టి వాడుతూ చూడండి. వైరు ఉన్నంతసేపూ బాగుండి, తీసిన గంటకే అవస్థ మొదలైతే లోపలి బ్యాటరీ ముసలిదైంది. ఒక మెలిక ఉంది. కొన్ని మౌస్‌లు వైరు పెట్టగానే వైర్‌లెస్ మానేసి వైరు మౌస్‌లా నడుస్తాయి. అలాంటప్పుడు వైరుతో బాగుండటం బ్యాటరీ గురించి ఏమీ చెప్పదు. వైరును కంప్యూటర్‌కి కాకుండా ఫోన్ ఛార్జర్‌కి పెట్టి చూస్తే ఆ సందేహం తీరుతుంది.

కింద ఉన్న కన్ను, దాని కింద ఉన్న బల్ల

ఒకప్పటి మౌస్‌ల కింద బంతి ఉండేది. 1999లో మైక్రోసాఫ్ట్ ఇంటెల్లిమౌస్ ఎక్స్‌ప్లోరర్ వచ్చాక బంతి స్థానంలో చిన్న కెమెరా లాంటి సెన్సర్ మామూలైపోయింది. అది సెకనుకు వెయ్యికి పైగా ఫొటోలు తీసి, ముందు ఫొటోలో ఉన్న గరుకుదనం తర్వాతి ఫొటోలో ఎటు జరిగిందో పోల్చుకుంటుంది. ఈ ఒక్క ముక్క తెలిస్తే మిగతాదంతా మీరే ఊహించుకోవచ్చు. బల్ల మీద పోల్చుకోవడానికి ఏమీ లేకపోతే మౌస్‌కి తను కదిలిందో లేదో తెలీదు. అందుకే గాజు మీద, అద్దంలా మెరిసే సన్‌మైకా మీద తడబడుతుంది. ఒకే నమూనా పదే పదే వచ్చే డిజైన్ గుడ్డ మీద కూడా కొన్ని మౌస్‌లు పొరబడతాయి.

పరీక్ష చాలా సులువు. మౌస్ కింద ఓ తెల్ల కాగితం పెట్టి పది నిమిషాలు వాడండి. కాగితం మన కంటికి నున్నగా ఉన్నా సెన్సర్‌కి పీచు పీచుగా కనిపిస్తుంది. దాని మీద బాగా నడిస్తే మౌస్‌లో లోపం లేదు, ఓ మామూలు గుడ్డ ప్యాడ్ వేసుకుంటే సరి.

తర్వాత మౌస్ తిప్పి సెన్సర్ గుంటలోకి చూడండి. ఒక్క వెంట్రుక చాలు పాయింటర్‌కి పూనకం రావడానికి. అది లైటు దారికి అడ్డుపడి, కదలని వస్తువు కదిలినట్టు, కదిలింది కదలనట్టు చూపిస్తుంది. మౌస్ ఆపేసి, గుంటలోకి గాలి ఊది, పొడి దూది పుల్లతో మెల్లగా తిప్పండి. జిడ్డుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక్క చుక్క తడి చాలు. నోటితో ఊదేటప్పుడు తుంపర పడుతుంది, జాగ్రత్త. కింద కాళ్లలా ఉండే నున్నటి ముక్కల చుట్టూ పేరుకున్న మట్టిని కూడా గోకేయండి. ఆ మట్టి మౌస్‌ని వెంట్రుకవాసి ఎత్తినా సెన్సర్‌కి బల్ల మసకబారుతుంది.

కింద ఎర్ర లైటు కనబడటం లేదని కంగారు పడకండి. చాలా మౌస్‌లు కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు వాడతాయి. వెలుగుతోందో లేదో చూడాలంటే ఫోన్ కెమెరాలోంచి చూడండి, ముందువైపు కెమెరా అయితే ఇంకా మంచిది, లేత ఊదా చుక్కలా కనిపిస్తుంది. సెన్సర్‌లోకి నేరుగా కళ్లు పెట్టి చూడటం మాత్రం వద్దు.

డాంగిల్: అసలు గొడవంతా ఇక్కడే

నా అనుభవంలో సెల్ తర్వాత ఎక్కువ కేసులు తేలేది ఇక్కడే. అందరూ ఆఖరున చూసేది కూడా దీన్నే, ఎందుకంటే డాంగిల్ కదలదు, మెదలదు, గోరంత ఉంటుంది, దాని మీద అనుమానం రాదు.

ఇప్పటి మౌస్‌లలో దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ రేడియో మీద మాట్లాడతాయి. అక్కడ ఒంటరిగా ఉంటే బాగుండేది. వైఫై అక్కడే, బ్లూటూత్ అక్కడే, మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే. ఆ సంతలో మౌస్ గొంతు చాలా చిన్నది, నెలల తరబడి ఒక్క సెల్ మీద బతకాలి కాబట్టి గట్టిగా అరవలేదు.

వీటన్నిటికన్నా పెద్ద శత్రువు యూఎస్‌బీ 3, అంటే యూఎస్‌బీ 2 కన్నా వేగమైన తర్వాతి తరం. దాంట్లో డేటా సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో పోతుంటే, ఆ వైరు, కనెక్టర్, పరికరం నుంచి రేడియో రొద బయటకు కారుతుంది. ఆ రొద సరిగ్గా 2.4 నుంచి 2.5 గిగాహెర్ట్జ్ మధ్య కూడా పడుతుంది. ఇంటెల్ కంపెనీయే దీన్ని కొలిచి 2012లో ఓ పత్రం విడుదల చేసింది. రొద పుట్టే చోటికి డాంగిల్ రెండంగుళాల దూరంలో ఉంటే, మూడడుగుల అవతల ఉన్న మౌస్ మాట దానికెలా వినబడుతుంది? డోలు పక్కన కూర్చుని గుసగుసలు వినమన్నట్టు. పోర్టు లోపల నీలం రంగు ప్లాస్టిక్ ఉంటే చాలావరకు అది యూఎస్‌బీ 3. కానీ అన్ని కంపెనీలూ ఆ రంగు పాటించవు.

ఇప్పుడు చేయాల్సింది. ముందు డాంగిల్‌ని నలుపో తెలుపో ఉన్న యూఎస్‌బీ 2 పోర్టుకి మార్చండి. హార్డ్ డిస్క్, పెన్‌డ్రైవ్, హబ్ (ఒక పోర్టును చాలా పోర్టులుగా చేసే పెట్టె) ఉన్న వైపు కాకుండా రెండో వైపు అయితే మేలు. డాంగిల్‌ని హబ్‌లోనో మానిటర్ వెనక పోర్టులోనో పెట్టి ఉంటే అక్కణ్నుంచి తీసేయండి. డెస్క్‌టాప్ వాళ్లు చేసే పొరపాటు ఇంకోటి: వెనకాల పెడతారు. అప్పుడు మౌస్‌కీ డాంగిల్‌కీ మధ్య ఇనుప పెట్టె అడ్డు గోడలా నిలబడుతుంది. ముందువైపు పోర్టుకి మార్చండి.

ఇదంతా కుదరకపోయినా, కుదిరినా చాలకపోయినా, ఒక యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు తెచ్చుకోండి. మూర పొడవున్న మామూలు యూఎస్‌బీ 2 వైరు చాలు. ఒక కొస కంప్యూటర్‌కి, రెండో కొసకి డాంగిల్, ఆ డాంగిల్‌ని మౌస్‌కి జానెడు దూరంలో బల్ల మీద పెట్టండి. చూడటానికి నవ్వొస్తుంది, వైర్‌లెస్ మౌస్‌కి వైరేమిటని. నా దగ్గర ఇప్పటికీ ఆ వైరు బల్ల మీదే ఉంది, మౌస్ ఆ రోజునుంచి మళ్లీ ఆగలేదు. కొన్ని మౌస్‌ల పెట్టెలో ఇలాంటి వైరు కంపెనీవాళ్లే పెట్టి ఇస్తారు, మనం ఎందుకో తెలీక పెట్టెలోనే వదిలేస్తాం.

వైఫై మీద అనుమానముంటే నిరూపించడం తేలికే. ఓ పది నిమిషాలు కంప్యూటర్‌లో వైఫై ఆపి మౌస్ వాడండి. తేడా కనిపిస్తే కంప్యూటర్‌ని రౌటర్‌లోని 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్‌కి మార్చండి. రౌటర్ 2.4 మాత్రమే ఇస్తుంటే సెట్టింగ్స్‌లో ఛానెల్ మార్చి చూడొచ్చు. 1, 6, 11 ఈ మూడే ఒకదాని మీద ఒకటి పడనివి, వాటిలో ఏదో ఒకటి ఎంచుకోండి. రౌటర్ కంప్యూటర్ పక్కనే ఉంటే దాన్ని ఓ మూడడుగులు జరపండి. ఇనుప బల్ల కూడా సిగ్నల్‌ని మింగుతుంది, ముఖ్యంగా డాంగిల్ బల్ల కిందా మౌస్ బల్ల మీదా ఉన్నప్పుడు.

గేమింగ్ మౌస్ అయితే దాని సాఫ్ట్‌వేర్‌లో పోలింగ్ రేట్ ఎంతుందో చూడండి. మామూలు మౌస్ సెకనుకు 125 సార్లు కబురు పంపుతుంది, గేమింగ్‌వి 1000 సార్లు. దాన్ని 500కో 250కో దించితే ఆఫీసు పనిలో తేడా ఏమీ తెలీదు, సెల్ కూడా ఎక్కువ రోజులు వస్తుంది.

బ్లూటూత్ మౌస్ అయితే

డాంగిల్ లేదు కాబట్టి జరిపే వీలు లేదు. యాంటెనా ల్యాప్‌టాప్ లోపలే ఉంటుంది, చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై, బ్లూటూత్ రెండూ ఒకే చిప్ మీద ఉంటాయి. బ్లూటూత్ ఒక ఛానెల్ మీద కూర్చోకుండా గెంతుతూ, రద్దీగా ఉన్నవాటిని వదిలేసే తెలివి ఉన్నదే. అయినా 2.4 వైఫైలో పెద్ద ఫైలు దిగుతుంటే, పైగా బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లో కాల్ నడుస్తుంటే, మౌస్‌కి వంతు ఆలస్యంగా వస్తుంది. వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చడమే ఇక్కడ మొదటి మందు.

రెండో మందు పాత జత తెంచేసి కొత్తగా కలపడం. బ్లూటూత్ సెట్టింగ్స్‌లో మౌస్ పేరు దగ్గర రిమూవ్ నొక్కండి, మౌస్ ఆపండి, కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి, అప్పుడు మళ్లీ పెయిర్ చేయండి. ఒట్టి డిస్‌కనెక్ట్ చేసి కనెక్ట్ చేస్తే సరిపోదు. మౌస్ కింద 1, 2, 3 అని అంకెలున్న బటన్ ఉంటే అది ఏ అంకె మీద ఉందో కూడా చూడండి. అవి మూడు వేరు వేరు కంప్యూటర్ల కోసం. సంచిలో పెట్టి తీసేటప్పుడు అది నొక్కుకుపోయి 2లోకి వెళ్తే, మౌస్ చచ్చిపోయిందనుకుని గంటసేపు కొట్టుకునేవాళ్లున్నారు.

కొన్ని మౌస్‌లు డాంగిల్, బ్లూటూత్ రెండిటితోనూ పనిచేస్తాయి. అది అదృష్టం. ఒకదానితో ఇబ్బందైతే రెండోదానికి మార్చి చూడండి, గొడవ గాలిలో ఉందో మౌస్‌లో ఉందో కూడా తేలిపోతుంది.

కంప్యూటర్ చేసే పిసినారితనం

కరెంటు ఆదా చేద్దామని విండోస్ కొన్ని యూఎస్‌బీ పోర్టులని, బ్లూటూత్‌ని మధ్యమధ్యలో నిద్రపుచ్చుతుంది. మౌస్ కదిపాక అది లేవడానికి పట్టే సమయమే మనకు మొరాయింపులా కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉంటే బాగుండి, బ్యాటరీ మీద ఉన్నప్పుడే అవస్థ వస్తుంటే దాదాపు ఇదే కారణం.

విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి, తర్వాత ఎమ్ నొక్కితే డివైజ్ మేనేజర్ తెరుచుకుంటుంది. కింద యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్ అని ఉంటుంది. దాన్ని విప్పితే యూఎస్‌బీ రూట్ హబ్ పేరుతో ఒకటో రెండో కనిపిస్తాయి. ఒక్కోదాని మీద రెండుసార్లు క్లిక్ చేసి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో ‘అలౌ ద కంప్యూటర్ టు టర్న్ ఆఫ్ దిస్ డివైజ్ టు సేవ్ పవర్’ అన్న చోట టిక్ తీసేయండి. బ్లూటూత్ మౌస్ అయితే బ్లూటూత్ శీర్షిక కింద అడాప్టర్‌కి కూడా ఇదే చేయండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ ట్యాబే ఉండదు, దాని కోసం వెతుక్కోకండి.

దీనితోపాటు కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ కింద యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అని ఒకటుంటుంది. దాన్ని డిసేబుల్ చేయండి. లినక్స్ వాళ్లు పవర్‌టాప్ అనే కరెంటు పొదుపు సాఫ్ట్‌వేర్‌లో ఆటోట్యూన్ నడిపి ఉంటే, మౌస్ సెకన్లలో నిద్రపోవడానికి అదే కారణం కావచ్చు. అందులో మౌస్ ఉన్న వరసను మళ్లీ ‘బ్యాడ్’కి మార్చండి. పేరుకి బ్యాడ్ గానీ మౌస్‌కి అదే మంచిది.

మౌస్ పూర్తిగా ఆగిపోయి ఈ సెట్టింగ్స్ దాకా వెళ్లలేకపోతే, విండోస్‌లో ఎడమవైపు ఆల్ట్, షిఫ్ట్, నమ్ లాక్ కలిపి నొక్కండి. అడిగినదానికి ఎస్ అంటే నంబర్ ప్యాడ్ అంకెలతోనే పాయింటర్ నడపొచ్చు. నత్తనడకే, కానీ పని గడుస్తుంది.

డ్రైవర్ గురించి ఎక్కువ టెన్షన్ పడకండి. మామూలు మౌస్‌కి విండోస్‌తో వచ్చే డ్రైవరే సరిపోతుంది. డివైజ్ మేనేజర్‌లో మౌస్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి, డాంగిల్ తీసి పెడితే అదే మళ్లీ వేసుకుంటుంది. అంతకు మించి, ఎక్కడెక్కడివో డ్రైవర్ అప్‌డేటర్ల పేరుతో దొరికే సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు. మౌస్ తిక్క పోదు సరికదా, కొత్త తిక్కలు వచ్చి చేరతాయి.

క్లిక్, చక్రం

ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు అవుతోందా? ఫైలు లాగుతుంటే మధ్యలో జారిపోతోందా? డెస్క్‌టాప్ మీద ఓ ఫోల్డర్‌ని మెల్లగా ఒక్కసారే క్లిక్ చేయండి, ఇలా ఓ ఇరవై సార్లు, మధ్యలో రెండు సెకన్లు ఆగుతూ. ఒక్కసారైనా ఫోల్డర్ తెరుచుకుందంటే బటన్ కింద ఉన్న స్విచ్‌లో పల్చటి రాగి రేకు అరిగిందో చిలుము పట్టిందో అనుకోవాలి. నొక్కినప్పుడు అది ఒక్కసారి తగిలి ఆగకుండా వణుకుతుంది. సెట్టింగ్స్‌లో డబుల్ క్లిక్ వేగం మార్చమని చాలామంది సలహా ఇస్తారు. అది పనిచేయదు. ఆ గడువు మామూలుగా అర సెకను, ఎంత తగ్గించినా ఇంచుమించు 200 మిల్లీసెకన్ల దగ్గర ఆగుతుంది. రేకు వణుకు అంతకన్నా చాలా వేగంగా జరిగిపోతుంది.

తాత్కాలికంగా గడుపుకోవాలంటే మౌస్ సెట్టింగ్స్‌లో ప్రైమరీ బటన్‌ని కుడికి మార్చుకోండి. కుడి బటన్ అంతగా అరిగి ఉండదు. రెండు రోజులు తికమకగా ఉంటుంది, తర్వాత వేలు అలవాటుపడుతుంది. టంకం వేయడం వచ్చినవాళ్లు అదే స్విచ్ కొత్తది వేసుకోవచ్చు, చిన్న పనే.

చక్రం కిందికి తిప్పితే పేజీ పైకి గెంతుతుంటే ఇరుసు దగ్గర దుమ్మూ వెంట్రుకలూ చేరాయి. సెల్ తీసేసి, చక్రం పక్క సందులోకి గట్టిగా గాలి కొడుతూ చక్రాన్ని గబగబా అటూ ఇటూ ఓ నిమిషం తిప్పండి. సగం సందర్భాల్లో దీనితో కుదురుకుంటుంది, కొన్ని నెలలపాటు. విప్పి చూడాలనుకుంటే మరలు పైకి కనబడవు, కింది కాళ్ల స్టిక్కర్ల అడుగున దాక్కుని ఉంటాయి.

ఇక వదిలేయాల్సింది ఎప్పుడంటే

కొత్త ఆల్కలైన్ సెల్ వేసి, తెల్ల కాగితం మీద పెట్టి, డాంగిల్‌ని ఎక్స్‌టెన్షన్‌తో జానెడు దూరానికి తెచ్చి, రెండు వేరు వేరు కంప్యూటర్లలో చూసినా అదే తీరైతే మౌస్ లోపలి రేడియోనో సెన్సరో పోయింది. వారంటీ ఉందేమో చూసుకోండి, చాలా కంపెనీలు ఏడాదికి తగ్గకుండా ఇస్తాయి.

డాంగిల్ పోగొట్టుకుంటే మాత్రం వేరే మౌస్ డాంగిల్ తెచ్చి పెడితే పనిచేయదు. ఒక్కో డాంగిల్ తన మౌస్‌తోనే జతకట్టి ఫ్యాక్టరీ నుంచి వస్తుంది. లాజిటెక్ యూనిఫైయింగ్, బోల్ట్ లాంటి కొన్ని రకాలకే డాంగిల్ విడిగా కొని కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో జత చేసుకునే వీలుంది. 2009లో వచ్చిన యూనిఫైయింగ్‌కీ 2021 నాటి బోల్ట్‌కీ మధ్య కూడా పొత్తు కుదరదు. డాంగిల్ మీద ఉన్న గుర్తు, మౌస్ కింద ఉన్న గుర్తు ఒకటేనా అని చూసి కొనండి.

పాత మౌస్ సొరుగులో పడేసేముందు సెల్ తీసేయండి. లోపలే ఉంచితే కారిపోయి మౌస్‌నే కాదు, పక్కనున్నవాటినీ పాడుచేస్తుంది. డాంగిల్ పెట్టుకోవడానికి మౌస్ కడుపులో ఓ చిన్న గూడు ఉంటుంది, అక్కడ దాచండి.